దింపుడు కళ్లం దాకా

ముందే చెబుతున్నాను, తప్పులుంటే మన్నించండి. ఒత్తులు నాకింకా లొంగలేదు. ఏ అక్షరం ఎక్కడ పెట్టాలో తెలియకపోతే మా బిడ్డ స్వరూపను అడుగుతాను, అది ఆఫీసుకు పోయి ఉంటే నాకు తోచింది పెడతాను. ఒక్క కాగితం నిండడానికి నాకు ఒక పూట పడుతుంది. నాది వణుకుడు జబ్బు. "చేతికి కసరత్తు కావాలి, రోజూ పెద్ద పెద్ద అక్షరాలు రాయమ్మా" అని డాక్టరమ్మ చెప్పింది. పెద్దవి తర్వాత సంగతి, నాకు చిన్నవి కూడా రావన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. స్వరూప ఊరుకోలేదు. ఆ సాయంత్రమే పలక కొనుక్కొచ్చింది. అరవై దాటాక 'అ' దిద్దాను.

మీరూ నిదానంగా చదవండి. నేను నిదానంగానే రాశాను. అదెందుకో చివర తెలుస్తుంది.

మా ఊరు పెద్దపల్లి దిక్కు. మా ఇంటాయన గట్టయ్య డప్పు కొట్టేవాడు. కుడిచేతిలో సిర్ర అనే లావుపాటి కర్ర, ఎడమచేతిలో సన్నటి పుల్ల. పెళ్ళికి ఆయనే, బోనాలకు ఆయనే, చావుకు ఆయనే. గడ్డి మంట వేసి డప్పు కాచేవాడు. చెవి దగ్గర పెట్టుకుని వేలితో ఒక్క దెబ్బ తట్టి, తోలు బిగిసిందా లేదా చూసుకునేవాడు. తర్వాత నడక మొదలు. నిలబడి కొట్టమంటే ఆయనకు కోపం. "నిలవడి కొడితె అది రేకు డబ్బనే, నడుసుకుంట కొడితెనే డప్పు" అనేవాడు.

ఆ పెద్ద రోగం ఊళ్ళను ఊడ్చిన ఏడు, ఆయన ఆసుపత్రిలో పోయాడు. సంచిలో చుట్టి, బండిలో పెట్టి, తిన్నగా శ్మశానానికి, మా బొందలగడ్డకు తీసుకుపోయారు. మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. ఊరందరి చావుకు కొట్టిన మనిషి చావుకు ఒక్క దెబ్బ పడలేదు. ఆ తర్వాత నేను హైదరాబాదు వచ్చి మా బిడ్డ దగ్గర రామంతాపూర్‌లో ఉండిపోయాను. రెండో అంతస్తు, రెండు గదులు.

జబ్బు మెల్లగా వచ్చింది. మొదట చెయ్యి, తర్వాత కాళ్ళు. కాళ్ళ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా కాళ్ళదే. నడుస్తూ నడుస్తూ ఉంటాను, గడప వస్తుంది. అంతే, పాదాలు నేలకు అతుక్కుపోతాయి. నొప్పి ఉండదు, బలం ఉంటుంది, మనసు పద పద అంటుంది, కాలు మాత్రం కదలదు. మేకు కొట్టిన మనిషిలా గడపలో నిలబడిపోతాను. వెనక నుంచి తోస్తే పడిపోతాను.

స్వరూప విఠల్ సారు ల్యాబులో పని చేస్తుంది. పాటలకూ డీజేలకూ కావలసిన కరెంటు డప్పులు అక్కడ తయారుచేస్తారు. అంటే తోలూ కర్రా ఏమీ ఉండవు, కంప్యూటరే డప్పు. దాని తెర మీద మా కిటికీ ఊచల్లా నిలువు గీతలుంటాయి. ఒక్కో గీత మీద ఒక్కో దెబ్బ, తప్పకుండా అక్కడే. "అన్నీ కరెక్టుగానే పడుతున్నాయి, కానీ పీనుగులా ఉంది స్వరూపా, ఎవరి భుజమూ కదలడం లేదు" అని విఠల్ సారు రోజూ గొణిగేవాడట.

అప్పుడు మా బిడ్డ వాళ్ళ బాపు క్యాసెట్టు బయటికి తీసింది. ఎవరో చదువుకున్న పిల్లలు ఎప్పుడో ఊరికి వచ్చి ఆయన దరువు రికార్డు చేసి, ఒక క్యాసెట్టు మాకిచ్చి పోయారు. ఆ క్యాసెట్టులో ప్రతి దెబ్బ గీత మీద పడిందా, గీతకు ముందు పడిందా, వెనక పడిందా అని స్వరూప కొలిచింది. సిర్ర దెబ్బ ఎప్పుడూ వెంట్రుకంత ఆలస్యం. పుల్ల దెబ్బ ఒక్కోసారి వెంట్రుకంత ముందు. రెండు దెబ్బల మధ్య సందు ఎన్నడూ సరిసగం కాదు, కొంచెం ఒక పక్కకు ఊగి ఉంటుంది. ఆ వెంట్రుకలన్నీ తీసుకుపోయి కరెంటు డప్పులో పెట్టింది. చప్పుడు మాత్రం కంప్యూటరుదే, టిక్కు టక్కు అని. బాపు డప్పు గొంతు అందులో లేదు. ఆయన ఆలస్యాలు మాత్రమే ఉన్నాయి.

ఆ రోజు నేను పాల ప్యాకెట్టు చేతిలో పట్టుకుని వంటింటి గడపలో అతుక్కుపోయి ఉన్నాను. ముందు గదిలో స్వరూప స్పీకరు పెట్టుకుని పని చేసుకుంటోంది. మొదట గీతల మీది డప్పు మోగింది. నేను అక్కడే ఉన్నాను. తర్వాత ఇంకోటి మోగింది. నా కుడికాలు లేచింది. ఎడమది దాని వెనకే పోయింది. నేను పొయ్యి దగ్గరున్నాను.

"అవ్వా, నువ్వు గడప కాడ లేకుంటివా?" అని వచ్చింది స్వరూప. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం.

"ఉంటిని."

"మరెట్ల వచ్చినవ్?"

"ఏమో బిడ్డా. కాలు అదే లేచింది."

అది నన్ను మళ్ళీ గడప దగ్గరికి తెచ్చింది. డప్పు ఆపింది, అతుక్కుపోయాను. పెట్టింది, నడిచాను. ఆపింది. పెట్టింది. నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "బటన్ నొక్కితె నడిచే అవ్వ" అంది.

ఎందుకు నడుస్తున్నానని అడిగితే చేతులు చూపించి చెప్పింది. ముందు సమంగా చప్పట్లు కొట్టింది. తర్వాత ఒక చప్పట కొట్టబోయి, చేతులు గాలిలో క్షణం ఆపి, అప్పుడు కొట్టింది. "చూసినవా, నీ తల ముందుకొచ్చింది. దెబ్బ ఎప్పుడు పడ్తదో చెవికి ముందే ఎరుకైతె ఒళ్ళు పండుకుంటది. బాపు దెబ్బ ఎంట్రుకంత ఆగి వస్తది. ఆ సందులకు ఒళ్ళు ఒరుగుతది. ఒరిగినంక కాలు లేవాల్సిందే, లేకుంటె పడ్తవ్."

అట్లా పుట్టింది నడక పట్టీ. నడుముకు కట్టుకునే చిన్న పట్టీ, చెవిలో పెట్టుకునే చిన్న గుండీ. మన అడుగు ఎక్కడ పడుతోందో పట్టీ వింటుంది, దానికి తగ్గట్టు డప్పును కొంచెం వెనక్కీ ముందుకీ ఊపుతుంది. విఠల్ సారు మంచివాడే, కానీ ఒకచోట కూర్చోలేని మనిషి. ఆరు నెలల్లో ముప్పై మందికి కట్టించాడు. వేరే కళాకారుల దరువులూ పెట్టి చూశారు. కొందరి కాళ్ళు లేచాయి, కొందరివి లేవలేదు. గట్టయ్య దరువుకు అందరి కాళ్ళూ లేచాయి. అందుకని అదే ఉంచారు.

ఆ ముప్పై మందిలో బాలనర్సు ఒకడు. ఆర్టీసీ కండక్టరు, రిటైరయ్యాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. హబ్సిగూడలో ఒక గదిలో ఒక్కడే ఉంటాడు. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. వారానికోసారి ల్యాబులో అందరం కలిసేవాళ్ళం. అతనొస్తే నవ్వులే.

"అక్కా, ఇన్నేండ్లు నేను హోల్డాన్ అంటె బస్సులు ఆగినయ్. ఇప్పుడు నా కాళ్ళకు ఎవడో హోల్డాన్ చెప్పి దిగి పోయిండు. రైట్ రైట్ చెప్పెటోడు లేడు" అనేవాడు. పట్టీ కట్టిన రోజు ల్యాబు చుట్టూ రెండు చుట్లు తిరిగొచ్చి, "మీ ఆయన చెప్పిండక్కా రైట్ రైట్" అని నా చేతులు పట్టుకున్నాడు.

మంచిరోజులు అవి. కూరగాయలకు నేనే పోయేదాన్ని. మెట్లు దిగేదాన్ని, ఎక్కేదాన్ని. మా కింది వాటా లలితమ్మ "పిన్నీ, నీ నడక మారింది, మగరాయుడిలా ఊగుతూ నడుస్తున్నావు" అంది. నాకు తెలుసు ఆ ఊపు ఎవరిదో. అద్దాల కొట్టు ముందు పోతూ ఒకసారి చూసుకున్నాను. భుజం వెనక్కి, తుంటి కొంచెం ఆగి ముందుకు. నా చీరలో ఆయన నడుస్తున్నాడు. ఇంటికి రాకుండా ఇంకో రెండు వీధులు నడిచాను.

ఇంటికి రాకుండా నడవడం అప్పుడే మొదలైంది.

మొదట అది ఉత్సాహం అనుకున్నాను. తర్వాత అన్నం ముందు కూర్చుంటే పాదాలు కింద తొక్కడం మొదలుపెట్టాయి. రెండు ముద్దలు తిని లేచేదాన్ని. తిరిగి వచ్చి ఇంకో రెండు ముద్దలు. పట్టీ విప్పి అలమారలో పెట్టినా కాళ్ళు ఊరుకోలేదు. గుండీ చెవిలో లేకున్నా ఒళ్ళు ఒరుగుతూనే ఉంది, రాబోయే దెబ్బలోకి. పడుకుంటే మంచం కోళ్ళు కిర్రుమనేవి. పలక మీద 'క' దిద్దబోతే గీత పలక దాటి పోయేది. ఎక్కడికో పోవాలి, ఎక్కడికో పోవాలి. ఎక్కడికంటే తెలియదు. చేరితే కూర్చోవచ్చు, కానీ చేరే చోటు రాదు.

"అవ్వా, జరసేపు కూసో" అనేది స్వరూప.

"కూసుంట బిడ్డా" అంటూ నేను గదిలో తిరుగుతూనే ఉండేదాన్ని. దాని కళ్ళు నా పాదాల వెంట తిరిగేవి.

అందరికీ అంతే అయింది. ఒకాయన బ్యాంకులో లైను తప్పి తప్పి తిరుగుతున్నాడని పోలీసులు పట్టుకున్నారు. ఒకామె పూజలో కూర్చోలేక ఏడ్చింది. బాలనర్సు పరిస్థితి అన్నిటికంటే చెడ్డది. ఒంటరివాడు, పట్టుకుని ఆపే మనిషి లేడు. ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ దాకా, మళ్ళీ వెనక్కి. చెప్పుల అడుగు అరిగింది, తర్వాత పాదం అరిగింది. ల్యాబుకు వచ్చినప్పుడు గచ్చు మీద నెత్తుటి మరకలు పడ్డాయి.

విఠల్ సారు ఆ మరకలు చూసి కుర్చీలో కూలబడ్డాడు. "సోమవారం అన్ని పట్టీలూ వెనక్కి తీసుకుంటున్నాం. దీని మీద పెట్టిందంతా పోయినా సరే. నాకు నిద్ర పట్టడం లేదు" అన్నాడు.

"సారూ, తీసుకుంటే ఏమైతది?" అన్నాడు బాలనర్సు, బల్ల చుట్టూ తిరుగుతూనే. "ఈ తిరుగుడు బందైతదా?"

స్వరూపే జవాబు చెప్పింది. "మెల్లమెల్లగా బందైతది అంకుల్. కొన్ని నెలల్ల. ఆ తర్వాత కాళ్ళు మళ్ళ మునుపటి లెక్కనే..."

"స్తంభం" అన్నాడు బాలనర్సు.

స్వరూప కుర్చీ అతని వైపు జరిపింది.

"అయితే నేనియ్య. నిలవడి చచ్చుడు కన్న నడిసి చచ్చుడు నయం. బస్సు షెడ్డుల తుప్పు పడ్డది చూసిన, రోడ్డు మీద బ్రేకు ఫెయిలైంది చూసిన. రోడ్డు మీదనే మంచిగుంటది." చొక్కా కింద పట్టీని రెండు చేతులతో అదిమిపట్టుకుని, మాట అయిపోకముందే గుమ్మం దాటి పోయాడు. అతన్ని ఆపగలిగినవాళ్ళు ఆ గదిలో లేరు. ఆ గదిలో మా కాళ్ళు కూడా ఆగడం లేదు.

ఆ శనివారం మధ్యాహ్నం నేను రోడ్డు మీద ఉన్నాను. ఎండ. పట్టీ ఇంట్లోనే ఉంది, కాళ్ళు మాత్రం పోతున్నాయి. చిన్న బస్తీ పక్క నుంచి డప్పులు వినబడ్డాయి. చావు. ముందు నలుగురు డప్పుల వాళ్ళు, వెనక పాడె, పేలాలు చల్లుతూ మనుషులు, వెనక ఆడవాళ్ళు. ముసలాయన ఎవరో. నా కాళ్ళు నన్నడగకుండా ఆడవాళ్ళలో కలిశాయి. పక్కామె నన్ను చుట్టం అనుకుంది. "ఎప్పుడొచ్చినవ్ వదినా?" అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఊరికే వచ్చిన ఏడుపు కాదది.

మూల తిరిగాక, ఖాళీ జాగాలో డప్పులు ఆగాయి. పాడె కిందికి దించారు.

చాలామందికి తెలిసే ఉంటుంది, తెలియని పట్నం పిల్లల కోసం చెబుతున్నాను. దాన్ని దింపుడు కళ్లం అంటారు. బొందలగడ్డకు పోయే దారిలో ఒకచోట పాడె దించి, దగ్గరివాళ్ళు చచ్చిపోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఒకవేళ ప్రాణం ఇంకా ఎక్కడైనా ఉంటే తిరిగొస్తుందేమోనని. రాదు. రాలేదని అందరూ చూశాక పాడె మళ్ళీ లేపుతారు. మా దిక్కు ఆడవాళ్ళం అక్కడి దాకే. అక్కడి నుంచి మగవాళ్ళు ముందుకు పోతారు, మేం వెనక్కి తిరుగుతాం.

కొడుకు వంగి "నాయినా" అని పిలుస్తున్నాడు. అప్పుడు చూసుకున్నాను. నా పాదాలు ఆగి ఉన్నాయి.

తొక్కడం లేదు, ఒరగడం లేదు. ఇన్ని వారాల తర్వాత రెండు పాదాలూ నేల మీద, రెండు చెప్పుల్లా, పక్కపక్కన. నేను ఆ దుమ్ములోనే కూర్చున్నాను. కూర్చోవడం అంత తియ్యగా ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు. కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని, అర్థం చేసుకున్నాను.

పాడె లేచి డప్పు మోగగానే కాళ్ళు మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాయి. ఇంటికి వచ్చి స్వరూపను అడిగాను. "బిడ్డా, మీ బాపు క్యాసెట్టుల ఏ దరువు తీసుకున్నవ్?"

"పెండ్లిది అవ్వా. పిల్లను సాగదోలెటప్పటిది."

"పెండ్లిదని ఎట్ల తెలుసు?"

"అందరు నడుస్తున్నరు, ఆడోళ్ళు ఏడుస్తున్నరు. అప్పగింతలే గద. చివరికి ఏడుపులు ఎక్కువైనయ్, డప్పు వినవడ్తలేదు, ఆడికి కోసేసిన. ముందటి ముక్కనే తిప్పి తిప్పి ఏస్తున్నం."

దాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఐదో ఏట హాస్టల్లో వేశాం. సెలవుల్లో వచ్చినప్పుడు పెళ్ళిళ్ళకు తీసుకుపోయాం. చావులకు చిన్నపిల్లల్ని ఎవరు తీసుకుపోతారు? నేనైనా గుర్తుపట్టలేదు. చెవిలో టిక్కు టక్కు అంటున్నదాన్ని చావు దరువని ఎట్లా అనుకుంటాను? ఆయన డప్పు గొంతు వింటే ఒక్క దెబ్బకు చెప్పేదాన్ని. గొంతు తీసేసి ఆయన ఆలస్యాలు మాత్రం పెట్టారు. చెవికి తెలియలేదు, కాళ్ళకు తెలిసింది.

"అది చావు దరువు బిడ్డా. పాడె ముంగట కొట్టేది. పెండ్లి దరువు ఉన్నకాడనే ఎగురుతది. ఇది ఒక జాగకు పోతది. దింపుడు కళ్లం దాక పోయి ఆగుతది. నువ్వు ఆ జాగ రాకముందే కోసి మళ్ళ మొదటికి తెస్తున్నవ్. ముప్పై మందిమి పాడె ఎనక నడుస్తున్నం, దించుడు లేదు."

స్వరూప లేచింది. క్యాసెట్టు పెట్టింది. అసలు గొంతుతో వినడం నాకదే మొదటిసారి, ఆయన పోయాక. గడ్డిమంట చిటపట, వేలితో తట్టిన ఒక్క దెబ్బ, తర్వాత నడక. మేం ఇద్దరం గదిలో తిరుగుతూనే విన్నాం, నేను కాళ్ళాగక, అది నా వెంట. ఏడుపులు పెరిగాయి. డప్పు ఆగింది. ఎవరో ఆడపిల్ల గొంతు మూడుసార్లు ఎవరినో పిలిచింది. తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆ ఏమీ లేనంతసేపు నేను నిలబడ్డాను. మళ్ళీ డప్పు ఎత్తుకోబోతుంటే స్వరూప చెయ్యి పట్టుకున్నాను.

"ఆపు. ఆ తర్వాతది ఆడోళ్ళు ఇనేది గాదు."

"ఒరగడం నేర్పినం అవ్వా. ఆగడం నేర్పలే" అంది అది, తనలో తను.

సోమవారం ల్యాబు కింద కార్లు పెట్టే చోట, స్తంభాల మధ్య, పరీక్ష పెట్టారు. దరువంతా, ఆగే చోటుతో సహా, కొత్తగా పట్టీలో ఎక్కించింది స్వరూప. ముందు నేనే కట్టుకుంటానన్నాను. విఠల్ సారు ఒప్పుకోలేదు. "అమ్మా, అక్కడ ఆగాక కాళ్ళు మళ్ళీ కదలకపోతే? శాశ్వతంగా అట్లాగే ఉండిపోతే? ఏమవుతుందో మాకే తెలియదు."

"ఇట్ల తిరుగుకుంట ఎన్నొద్దులు బతుకుత సారూ? బాలనర్సు కాళ్ళు జూడున్రి" అన్నాను. అతను అప్పటికే అక్కడ తిరుగుతున్నాడు, పాదాలకు గుడ్డలు చుట్టుకుని. ఎవరు ఎట్లా నచ్చచెప్పారో, పట్టీ ఇస్తానని కాదు, చూస్తానని వచ్చాడు.

నడిచాను. గుండీలో టిక్కు టక్కు. స్తంభం, కారు, స్తంభం, గోడ. ఈసారి దరువు మొదటికి తిరిగిపోలేదు. దెబ్బలు దగ్గరయ్యాయి, బరువయ్యాయి. నా పక్కన స్వరూప నడుస్తోంది. ఆగింది.

నేనూ ఆగాను. ఆ ఎండిన గచ్చు మీద, పెట్రోలు వాసనలో, నా ఒళ్ళంతా ఒక్కసారి కిందికి దిగింది. హాయి. తర్వాత కాలు కదపబోయాను. కదలలేదు.

"స్వరూపా, పిలువాలె" అన్నాను.

"అది... బతికున్న మనిషి చెవుల అట్ల పిలుస్తరా అవ్వా? నా నోరు రాదు."

"రాకుంటె నేనిక్కడనే ఉంట. నీ ఇష్టం. కార్లోళ్ళు చుట్టు తిప్పుకుని పోతరు."

అది నా చెవి దగ్గరికి వంగింది. "అవ్వా." ఆగింది. "అవ్వా." దాని ఊపిరి వేడిగా తగిలింది. "అవ్వా!"

కాళ్ళు కదలలేదు. విఠల్ సారు ముందుకొచ్చాడు, మళ్ళీ ఆగిపోయాడు. స్వరూప నా రెండు భుజాలూ పట్టుకుంది. "కదులు అవ్వా, నీకు దండం పెడ్త" అంది. అది వణుకుతోంది, నాకంటే ఎక్కువగా.

అప్పుడు నాకు తెలిసింది. నేను పాడె మీద లేను. నేను వెనక నడుస్తున్నదాన్ని. మొదటి రోజు నుంచీ, ఆ పాల ప్యాకెట్టు రోజు నుంచీ, నేను ఎవరి వెనక నడుస్తున్నానో నా కాళ్ళకు తెలుసు.

"నన్ను గాదు బిడ్డా" అన్నాను. "మీ బాపును పిలువు. ఆయనకు దించుడు గాలే. ఎవ్వరు పిలువలే."

స్వరూప నా భుజాలు వదిలి మళ్ళీ వంగింది. తర్వాత నా చెవిలో, చిన్నప్పుడు హాస్టల్ గేటు దగ్గర పిలిచినట్టు పిలిచింది. "బాపూ." రెండోసారి కొంచెం గట్టిగా. మూడోసారి ఆ మాట మధ్యలో విరిగిపోయింది.

విన్నాం. పైన ఎవరో కారు అద్దం మూసిన చప్పుడు. ఇంకేమీ లేదు. జవాబు రాదు. రాదని తేల్చుకోవడానికే ఆ పిలుపు.

నేను వెనక్కి తిరిగాను.

గుండీ తీసి స్వరూప చేతిలో పెట్టాను. గోడ దగ్గర కుర్చీ ఉంది, అక్కడి దాకా నడిచాను. ఊపు లేదు. భుజం నాదే, తుంటి నాదే. చిన్న చిన్న అడుగులు, పాదం ఈడుస్తూ, మురుగు జాలీ దగ్గర ఒకసారి అతుక్కుని, మనసులో ఒకటి రెండు అనుకుని, దాటి. మా దిక్కు ఆడవాళ్ళు దింపుడు కళ్లం నుంచి ఇంటికి వచ్చేటప్పుడు వెంట డప్పు రాదు. కుర్చీలో కూర్చున్నాను. కూర్చునే ఉన్నాను.

తర్వాత బాలనర్సు వచ్చి నా ముందు అటూ ఇటూ తిరిగాడు. "నీకైతె బిడ్డ ఉన్నదక్కా. నన్నెవరు పిలుస్తరు? డిపోల అందరు కండక్టర్ అన్నరు. ఇంటామె ఏమయ్యో అన్నది. నా పేరు నేనే మర్చిపోయిన."

"ముందు కట్టుకో" అన్నాను.

కట్టుకున్నాడు. నడిచాడు. నాకంటే వేగంగా నడిచాడు కాబట్టి దరువు ఆగేసరికి ఆ చివరి స్తంభం దగ్గర ఉన్నాడు. ఆగాడు. మొహంలో ఏదో విచ్చుకుంది, నిద్ర వచ్చిన పిల్లవాడిలా. కదలలేదు.

విఠల్ సారు పరుగెత్తిపోయి "బాలనర్సు గారూ" అని మూడుసార్లు పిలిచాడు. లేదు. ఫోనులోంచి ఎవరిదో గొంతు పెట్టారు. లేదు.

నేను లేచాను. ఆ జాగా అంత పొడుగని నడుస్తున్నప్పుడు తెలియలేదు. జాలీ దగ్గర మళ్ళీ అతుక్కున్నాను. స్వరూప చెయ్యి ఇవ్వబోయింది, వద్దన్నాను. నేను వచ్చేదాకా అతను అట్లాగే నిలబడ్డాడు, చూపు నా మీదే పెట్టి. స్టాపులో బస్సు ఒక ముసలామె కోసం ఆగినట్టు.

చెవి దగ్గరికి వంగాను. "బాలనర్సూ."

కనురెప్ప కదిలింది.

"బాలనర్సూ."

ఏమీ లేదు. నాకు కోపం వచ్చింది, భయమూ వచ్చింది. "ఒరేయ్ బాలనర్సుగా, ఇనవడ్తలేదారా!"

అతని మడమ లేచింది. "రైట్ రైట్" అన్నాడు మెల్లగా. రెండడుగులు వేశాడు, మెట్టు కనబడింది, తనంతట తను దాని మీద కూర్చున్నాడు. గుడ్డలు చుట్టిన పాదాలు ముందుకు చాపి వాటినే చూస్తూ ఉండిపోయాడు.

ఇప్పుడు ఆ పట్టీ చాలామంది కట్టుకుంటున్నారు. నడక ఉంది, ఆగడం ఉంది. ఆగాక దగ్గరి మనిషి పక్కనుండి పిలిస్తేనే మళ్ళీ కాలు లేస్తుంది. దగ్గరివాళ్ళదే అయినా రికార్డు చేసిన గొంతు ఒకటి రెండుసార్లే పనిచేస్తుందట, తర్వాత చెవి దాన్ని ముందే ఊహించేస్తుంది, ఒళ్ళు పడుకుంటుంది. అందుకని ల్యాబులో ముందు అడిగేది జబ్బు గురించి కాదు, మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేది ఎవరు అని. లేదంటే ఇవ్వరు. కొందరు ఆ ప్రశ్నకే లేచిపోతారు. వాళ్ళ కోసం ఏం చెయ్యాలో స్వరూపకు ఇంకా తెలియదు. రోజూ అదే ఆలోచిస్తూ ఉంటుంది, ఇప్పుడు గదిలో తిరిగేది అది.

నేను పట్టీ కట్టుకోను. సాయంత్రం బాలనర్సు మా వీధికి నడిచి వస్తాడు, దరువు ఆగేసరికి మా గేటు దగ్గరుంటాడు. నేను రెండు అంతస్తులు దిగాలి. ఒక్కో మెట్టూ ఒక్కో మెట్టూ. అతను నిలబడే ఉంటాడు. "ఎంతసేపక్కా, ప్యాసెంజర్లు తిడుతున్నరు" అంటాడు.

"వస్తున్న ఉండు" అంటాను.

ఇనుగాల ఓదెమ్మ, అరవై ఆరేళ్ళు, రామంతాపూర్, హైదరాబాదు.